సెమిసి చెవులకు దక్కని కింది గొంతులు

నెయాఫు ఊళ్లో రేడియో మొరాయించినా, స్టీరియో మూగబోయినా లోసలీనెకే కబురు వెళ్తుంది. సరుకుల పడవలో వంట చేస్తూ, అక్కడి పాత రేడియోను విప్పి బిగించి, తనకు తానే పని నేర్చుకున్న మనిషి. తప్పు కంటికి కనబడేదాకా ఏం పాడైందో చెప్పదు.

ఆ శనివారం మధ్యాహ్నం సెమిసి పిలిచాడు. చర్చి పాటల బృందాన్ని ముప్పై ఏళ్లుగా నడుపుతున్నాడాయన.

"మూడు వారాలైందే పిల్లా, మా బృందం క్యాసెట్లో, మంద్రంగా పాడే మగవాళ్ల కింది గొంతులు వినబడటం లేదు. మా ఆవిడకేమో అంతా బాగానే ఉందట. పోయింది నా చెవులే. సాయంత్రం పాస్టరుగారికి చెప్పేసి బృందం వదిలేస్తాను."

"చర్చిలో వినబడుతున్నాయా మావయ్యా?"

"ఏమో! అనుమానంతో, గట్టిగా పాడండ్రా అని రోజూ అరుస్తున్నాను."

"ఈయనకి అనుమానం, వాళ్లకి గొంతునొప్పి," అంది ఆయన భార్య లుపె వంటగదిలోంచి.

లోసలీనె క్యాసెట్ పెట్టి, ఎడమ స్పీకరొక్కటే మోగేలా మీట తిప్పింది. "ఇప్పుడు?"

"ఆ... ఉన్నాయి!"

కుడిదొక్కటే మోగించింది. "ఉన్నాయి!" రెండూ కలిపింది. ఆయన మొహం వాడిపోయింది. "పోయాయి."

"చెవులు ఇలా వచ్చిపోతాయా మావయ్యా? ఒక స్పీకరు గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది; అందుకే రెండూ కలిస్తే కింది గొంతులు చెరిగిపోతున్నాయి. తీగలు తారుమారయ్యాయేమో చూడాలి."

స్పీకర్లు జరిపి చూస్తే తీగలన్నీ నల్లగానే ఉన్నాయి.

"ఎర్రతీగ ఏదత్తా?"

లుపె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మూడు వారాల కింద మా అన్న పోయినప్పుడు ఇల్లంతా నల్లబట్ట కట్టాం కదా. మధ్యలో ఎర్రతీగ కనబడితే నలుగురూ ఏమంటారు? నల్ల టేపు చుట్టేశాను. వచ్చినవాళ్లకు చాపలు పరవడానికి స్పీకర్లు బయట పెట్టి, తర్వాత మళ్లీ తగిలించాను."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అన్నాడు సెమిసి.

"అడిగావా? చెవులు పోయాయని మూతి ముడుచుకుని కూర్చున్నావు."

దుఃఖదినాలు ఇంకా తీరలేదు. అందుకే లోసలీనె, స్పీకర్ల వెనక ఎవరికీ కనబడని కొసల్లోనే టేపు గీకింది. ఎడమ స్పీకరుకు, నల్లతీగ ఉండాల్సిన నల్లగుర్తు మరకి ఎర్రతీగ బిగించి ఉంది. తీగలు మార్చి, మరలు గట్టిగా తిప్పింది.

పాట మొదలైంది. కింది గొంతులు నేలలోంచి లేచినట్టు వచ్చాయి. సెమిసి వేలు మోకాలి మీద తాళం వేయసాగింది. రెండో చరణంలో ఆ వేలు చటుక్కున ఆగింది.

"ఎవడో అరక్షణం ముందే పాట అందుకున్నాడు. విన్నావా?"

"నాకేం తెలియలేదు మావయ్యా."

"నాకు తెలిసింది!" అని ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. "లుపే, ఆకలేస్తోంది. ఇద్దరికీ పెట్టు. పాస్టరుగారితో ఇవాళ నాకేం పని లేదు."