భీమిలిలో ఎదురొచ్చిన పిన్ని

మా వరహాలక్ష్మి పిన్ని సంగతి ఎత్తితే మా నాన్నకి ఇప్పటికీ కోపం. వస్తే రానీ, నేను చెప్పి తీరతాను.

చిన్నాన్న పోయిన దగ్గర్నుంచీ మా అనకాపల్లి ఇంట్లో ఎవరు ప్రయాణమైనా పిన్ని వంటింట్లోకి వెళ్లి తలుపేసుకోవాల్సిందే. నాన్న పొద్దున్నే బెల్లం కొట్టుకి బయల్దేరుతున్నా సరే, ఆవిడ కంటపడకూడదు. మొగుడు లేని మనిషి ఎదురొస్తే బేరం చెడుతుందట. ఆ కొట్టులో కూలీలందరికీ వండి పెట్టేది మాత్రం ఆవిడే. చేతికి లేని దోషం మొహానికెలా వచ్చిందో ఆ శకునాల పుట్ట మా నాన్ననే అడగాలి.

రెండు వేల ఆరు కార్తీకంలో ఇంటిల్లిపాదీ వ్యాన్ కట్టించుకుని భీమిలి వెళ్దామనుకున్నాం. పిన్నిది సముద్రానికి దూరంగా లోపలున్న రావికమతం. ఇంత వయసొచ్చినా సముద్రం చూడలేదు. తనూ వస్తానంది. నాన్న కాదనలేదు గానీ, వ్యాన్‌లో వద్దు, తర్వాత బస్సులో రమ్మన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ప్రయాణం రోజు పిన్ని మేమింకా లేవకముందే పులిహోర కలిపి, క్యారేజీలు సర్దేసి, మొదటి బస్సెక్కి వెళ్లిపోయింది.

మేమేమో వర్జ్యం పోవాలని ఎండెక్కేదాకా వ్యాన్ చుట్టూ తిరిగాం. డ్రైవర్ పొట్టిబాబు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. నాన్న కొబ్బరికాయ కొట్టాడు.

తీరా భీమిలి చేరి గంటస్తంభం దగ్గర మలుపు తిరిగామో లేదో, నడిరోడ్డు మీద ఎదురుగా వస్తోంది పిన్ని! చీర మోకాళ్ల దాకా తడిసింది, కాళ్ల నిండా ఇసుక. పొట్టిబాబు బ్రేకు వేశాడు. నాన్న మొహం మాడిపోయింది. నాకైతే ఈల వెయ్యాలనిపించింది.

మేం దిగేలోపే ఊరంతా చుట్టేసిందట. లైట్‌హౌస్ చూసిందట, డచ్చివాళ్ల సమాధుల దగ్గర కూర్చుని ఇడ్లీ తిందట, సముద్రంలోకి దిగి చాలాసేపు నిలబడిందట. ఆ రోజంతా మాకు దారి చూపించింది ఆవిడే. నాన్న మాత్రం మూతి ముడుచుకుని వెనకాల నడిచాడు.

సాయంత్రం బయల్దేరబోతుంటే, నాన్న ఎటో చూస్తూ, బస్టాండు అటుందని పిన్నికి చెప్పాడు. ఆవిడ తిన్నగా వెళ్లి డ్రైవర్ పక్క సీటులో కూర్చుని తలుపేసుకుంది. నాన్న కిటికీ దగ్గరకొచ్చి దిగమన్నాడు.

"దిగను బావగారూ," అంది పిన్ని. "ఇన్నాళ్లూ మీ ప్రయాణాలకి నేను వంటింట్లో దాక్కున్నాను. ఇక నా వల్ల కాదు. నా మొహం సూత్తే మీకంత భయవైతే, బస్సులో మీరే రండి."

ముందుగా మా అమ్మ కదిలింది. నాన్న వైపు చూడకుండా వ్యాన్ ఎక్కి, పిన్ని వెనక సీట్లో కూర్చుంది. ఆవిడ వెనకే మేమందరం ఎక్కేశాం. పొట్టిబాబు హారన్ కొట్టి కాసేపు ఆగాడు.

నాన్న బస్సులో వచ్చాడు.