అందరి నెట్‌కు తాళం

మెట్ల దగ్గర టక్కుమని తాళం పడ్డ చప్పుడు వినిపించింది. అల్వాల్‌లో మా అపార్ట్‌మెంటంతా కలిసి పెట్టించుకున్న ఇంటర్నెట్ డబ్బా ఉండేది అక్కడే. పై అంతస్తు అంకుల్ అప్పటికే నీళ్ల ట్యాంకు వాల్వుకు తాళం వేసి ఉన్నారు. నోరు తెరిస్తే "ఇది అందరిది" అనేవారు.

మా చిన్నవాడికి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. నెట్‌లో అమ్మల గ్రూపును అడిగి జవాబు కోసం చూస్తున్నాను. అంతలో నెట్ పోయింది. పైకి, అంకుల్ దగ్గరికి పరుగెత్తాను.

"అంకుల్, నెట్ ఆగిపోయింది."

"నేనే బంద్ చేసిన. పోరగాళ్లు సినిమాలు గుంజుతున్రు. నెట్ అందరిదమ్మా, ఒక్కరికే పోతే ఎట్ల?"

"ఇప్పుడు ఎవరికీ రావట్లేదు కదా?"

"అవ్, ఇప్పుడు లొల్లే లేదు."

బతిమాలితే, బనియన్‌కు పిన్నీసుతో గుచ్చుకున్న తాళంచెవి తీసి డబ్బా తెరిచి నెట్ ఆన్ చేశారు. జవాబు వచ్చేదాకా నా వెనకే నిలబడ్డారు. ఎవరో తల్లి, కొత్త సబ్బు మానేసి చూడమని రాసింది.

"మీ చుట్టమా?"

"ఎవరో తెలీదంకుల్."

"తెల్వకనే చెప్పిందా?" ఆయన మురిసిపోయారు. "గిసుంటిది జెర పైలంగ దాయాలె." వెళ్లి మళ్లీ తాళం వేశారు.

మర్నాడు పొద్దున పిల్లలకు చెప్పాను: "ఎవరైనా ఇది అందరిదంటే సంతోషించండి. తాళంచెవి ఎవరి దగ్గరుందో మాత్రం అడగండి."