కంప్యూటర్‌కు రాహుకాలం పెట్టిన వైనం

మా కోల్డ్ స్టోరేజీలో ఇప్పటికీ ఏ యంత్రం మొరాయించినా అందరూ ముందు నా మొహంలోకే చూస్తారు. మోటారు కాలినా నేనే, గేటు తుప్పు పట్టినా నేనే. వాళ్లను తప్పుపట్టలేను. ఒక మంగళవారం మధ్యాహ్నం కోటేశ్వరమ్మ పిన్ని ఏడాది పంటను వానపాలు చేయబోయిన ఘనుణ్ణి నేను. అదీ చానా భక్తిగా! ఎలాగో చెబుతాను, తీరిగ్గా నవ్వుకోండి.

నరసరావుపేట శివార్లలో రైతుల మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీ మాది. మాది అంటే నాదనుకునేరు, నేను అందులో కంప్యూటర్ ఆపరేటర్ని. ఓనరు చలమయ్య గారు. సరుకు ఎంత వచ్చినా కంగారుపడని మనిషి, రాహుకాలంలో సరుకు దింపుకునే కొత్త చీటీ కొట్టారంటే మాత్రం రోజంతా సణిగేవారు. కాటా దగ్గర శ్రీను, లెక్కలు చూసే నాగమణక్క ఆయన ముందు తలలూపేవారు, ఆయన అటు తిరగ్గానే ప్రింట్ కొట్టేవారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకొక విద్య అబ్బింది. ఆఫీసు కంప్యూటర్‌లో ఒకచోట మార్పు చేస్తే, దాన్ని వాడే వాళ్లందరికీ అదే వర్తించేలా పెట్టొచ్చని ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ముందు అందరి తెర మీదా చలమయ్య గారి నాన్నగారి ఫొటో పెట్టాను. తర్వాత అక్షరాలు పెద్దవి చేశాను. ఆయన మురిసిపోయారు. మెచ్చుకోలు తలకెక్కితే మనిషి ఊరుకుంటాడా? ఆదివారం పూట పంచాంగం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఏ రోజు రాహుకాలం ఎప్పుడో చూసి, ఆ సమయంలో ఎవరు పాస్‌వర్డ్ కొట్టినా కంప్యూటర్ తెరుచుకోకుండా అమర్చాను. నాకొక్కడికీ మినహాయింపు పెట్టుకుందామా అనిపించింది గానీ, నాగమణక్క నోటికి భయపడి నన్నూ కలిపేశాను.

విషయం వినగానే చలమయ్య గారు కంప్యూటర్‌కు కూడా భక్తి నేర్పావురా అని నా భుజం తట్టారు. సోమవారం రాహుకాలం ఆఫీసు తెరవక ముందే అయిపోయింది కాబట్టి ఏ గొడవా లేదు. మంగళవారం వచ్చింది. రాహుకాలం మూడింటికి మొదలు.

మూడు దాటిందో లేదో కోటేశ్వరమ్మ పిన్ని గురజాల నుంచి ట్రాక్టర్‌లో మిరప టిక్కీలు వేసుకుని దిగింది. టిక్కీలంటే గోనె బస్తాలే. పిన్ని మాకు చుట్టం కాదు, కానీ రెండేళ్లుగా సరుకు మా దగ్గరే పెడుతుంది, అందుకని పిన్ని అయిపోయింది. ఆమె వెనకాలే పడమటి నుంచి నల్లటి మబ్బు కూడా వచ్చింది. గాలి లేచింది, కరెంటు పోయింది. కంప్యూటర్‌కు పెట్టిన బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి జనరేటర్ వేసేలోపు కంప్యూటర్ ఆరిపోయింది. మళ్లీ వెలిగాక పాస్‌వర్డ్ కొట్టాను. ఈ సమయంలో మీకు ప్రవేశం లేదంది. శ్రీనుకు లేదు, నాగమణక్కకు లేదు, అన్నీ నేర్పిన నాకూ లేదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. నేను కుడితితొట్టి నా చేత్తోనే కట్టుకుని, కొలత చూసుకుని మరీ పడ్డాను.

గేటు దగ్గర మస్తాన్ బాబాయి కంప్యూటర్ చీటీ లేనిదే చీమను కూడా లోపలికి పంపడు. అది ఓనరు ఆర్డరు. ఓనరుకు ఫోన్ చేద్దామంటే, ఆయన రాహుకాలంలో ఫోన్ ఎత్తరు.

ట్రాక్టర్ మీద ఉన్నది ఒక్క చిరిగిన పట్టా. పిన్ని దాని కొస పట్టుకుని నన్నే చూస్తోంది. తడిస్తే మిరపకాయ నల్లబడుతుంది, నల్లబడ్డదాన్ని ఎవరూ కొనరు. విషయం నసుగుతూ చెప్పాను.

"ఏంది అబ్బాయ్, వాన కూడా రాహుకాలం చూసుకునే వచ్చిద్దా?" అంది. కోప్పడినా బాగుండేది. పట్టా కొసతోనే నాకు దండం పెట్టింది. "అప్పుజేసి ఏసిన తోటయ్యా. ఏదో ఒకటి చెయ్యి."

నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు వెలిగింది బుర్రలో. రాహుకాలాన్ని కంప్యూటర్ ఎలా తెలుసుకుంటుంది? దాని గడియారం చూసే కదా! ఆపి, మళ్లీ వేసి, మొదట్లో వచ్చే సెట్టింగుల నీలితెరలోకి దూరి, గడియారాన్ని అయిదు గంటలకు తోసేశాను. పాస్‌వర్డ్ కొట్టాను. చలమయ్య గారి నాన్నగారు తెర మీద చిరునవ్వుతో ప్రత్యక్షమయ్యారు. ఆయనకు దండం పెట్టి చీటీ కొట్టాను. హమాలీలతో పాటు నేనూ, నాగమణక్కా కూడా టిక్కీలు మోశాం. ఆఖరి బస్తా లోపల పడ్డాక పెద్ద చినుకులు మొదలయ్యాయి. పిన్ని గడప మీద కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుని, నాకేసి చూసి ఫక్కున నవ్వింది.

మబ్బు చూసి చలమయ్య గారు కంగారుగా వచ్చారు. చీటీ చేతికి తీసుకున్నారు. చీటీలో అయిదు దాటింది, గోడ గడియారంలో నాలుగు కూడా కాలేదు. నేను జరిగిందంతా చెప్పి తల వంచుకున్నాను.

"ఒరేయ్, కొత్త పని మొదలెట్టొద్దన్నాను గానీ, వాకిట్లోకొచ్చిన రైతుని వానలో నిలబెట్టమన్నానా?" అన్నారు. మస్తాన్ బాబాయికి కూడా అక్షింతలు పడ్డాయి. తర్వాత ఆయన నన్ను పక్కకు పిలిచారు. ఇక ఉద్యోగం ఊడిందనుకున్నాను.

"నాకు రాహువంటే భయం లేదురా. ఇంట్లో గడియారం చూసి నాచేత రాహుకాలం పాటింపజేసే మా ఆవిడ, మీ అత్తమ్మంటేనే భయం," అన్నారు గొంతు తగ్గించి. "రేపోసారి ఇంటికొచ్చి, మా గోడ గడియారం కూడా అట్టా ముందుకి తోసిపెట్టు."

ఆ పుణ్యకార్యం చేశానో లేదో చెప్పను, అత్తమ్మ కూడా పుస్తకాలు చదువుతుంది. కానీ రాహుకేతువుల సాక్షిగా ఒక ఒట్టు మాత్రం పెట్టుకున్నాను. ఇక మీదట కంప్యూటర్ ఏ మార్పునైనా 'అందరికీ వర్తింపజేయాలా' అని అడిగితే, ఆ అందరిలో నేనూ ఉన్నానా, వాకిట్లో ట్రాక్టర్ ఉందా, ఆకాశంలో మబ్బుందా అని చూసుకోనిదే ఔననను. అదీ రాహుకాలం వెళ్లాకే.