మూడు ఆదివారాల సాక్ష్యం

డెబ్బైల చివర్లో, నేను సారా మానేసిన నాలుగో నెలలో, ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచాను. దేవుడు తనకు చేసిన మేలును ఎవరైనా లేచి నలుగురి ముందు చెప్పుకోవడం, చివర్లో అందరూ ఒక్క గొంతుతో ‘స్తోత్రం’ అనడం మా దగ్గర అలవాటు. రాజోలు పక్క పల్లెటూళ్లో ఎలిమెంటరీ స్కూలు మేస్టారిని నేను. నలుగురిలో నిలబడి మాట్లాడటం నాకు వెన్నతో పెట్టిన విద్య.

అంతా చెప్పాను. పదేళ్లు తాగిన సంగతి, సైకిలుతో సహా కాలవలో పడితే కొబ్బరికాయలు ఒలిచే కూలీలు బయటికి లాగిన సంగతి, ఇంట్లో ఉన్న ఆఖరి సీసా పెరట్లో పారబోసిన సంగతి. కళ్లు తుడుచుకుని స్తోత్రం కోసం ఆగాను.

ఎవరూ అనలేదు.

ఆడవాళ్ల వైపు చూస్తే, మా ఆవిడ ముసుగు ముక్కు దాకా లాక్కుని తల దించుకుంది. పాస్టరుగారు మెల్లగా, “కూర్చోండి మేస్టారూ” అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. తాగినన్నాళ్లూ బుద్ధులు చెప్పడానికి ఎగబడ్డ జనం, మానేశానంటే ఒక్క మాట అనలేరా?

ఇంటికొచ్చి, చెప్పులు విడవకుండానే అరిచాను. మా ఆవిడ ఎదురు అరవలేదు. “మళ్లీ మొదలెట్టేరా?” అంది.

“ఏంటి మొదలెట్టేది?”

“పోయిన ఆదివారం ఇదే చెప్పేరు. అంతకుముందు ఆదివారమూ ఇదే చెప్పేరండి. ఒక్క ముక్క పొల్లుపోలేదు. కాలవ దగ్గరికి వచ్చేసరికి ఏడ్చేరు కూడాను.”

నేను నవ్వాను. నవ్వుతూనే, పోయిన ఆదివారం ఏం చేశానో గుర్తు చేసుకోబోయాను. ఏమీ లేదు. మసకగా కూడా లేదు. తడిగుడ్డతో తుడిచేసిన పలకలా ఉంది. అరుగు మీద కూలబడ్డాను.

మా ఆవిడ దగ్గరికొచ్చి, “ఊదండి” అంది.

అది మా ఇంట్లో పాత తంతు. పదేళ్లపాటు రోజూ నన్ను గుమ్మంలోనే ఆపి, వాసన రాకూడదని ప్రార్థన చేసుకుని మరీ నోరు చూసేది. ఊదాను. మళ్లీ ఊదమంది. మూడోసారి నా గడ్డం పట్టుకుని చూసింది. పొద్దున తాగిన కాఫీ వాసన తప్ప మరేమీ లేదు. అక్కడే చతికిలబడి గొల్లుమంది.

“వాసనొచ్చినా బాగుండునండీ! తాగుడైతే మాన్పించుకుందును. దీన్నేం చెయ్యనండీ?”

తాగిన రోజుల్లో నేను దేనికీ అంత భయపడలేదు. ఆ వారమే బళ్లో పిల్లలు “ఈ పాఠం అయిపోయిందండి మేస్టారూ” అంటే, ఆటపట్టిస్తున్నారనుకుని తొడపాశం పెట్టాను. ఎక్కాలు మర్చిపోయిన పిల్లల్ని మట్టిబుర్రలని తిట్టిన నోరు నాది.

మర్నాడే అమలాపురం వెళ్లాం. “ఇన్నాళ్లూ తిండి మాని తాగేరు కదండీ, బుర్రకి బలం పోయింది. ఇంజెక్షన్లు చేస్తాను. కొంత తిరిగొస్తుందండి, ఎంతన్నది చెప్పలేను” అన్నారు డాక్టరుగారు. మానేస్తే చాలు, అన్నీ సర్దుకుంటాయనుకున్నవాణ్ణి. మానేశాక ఇలాంటిది ఒకటి కాచుకుని ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

ఇంజెక్షన్లు మెల్లగా పనిచేశాయి. అందుకే ఈమాత్రం రాయగలుగుతున్నాను. ఆ ముందరి రెండు ఆదివారాలు మాత్రం మా ఆవిడ చెబితే తెలిసినవే తప్ప, నావి కావు.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం, సాక్ష్యాల వేళ నాలో ఉత్సాహం పొంగింది. తాగుడు మానేసిన సంగతి వీళ్లకు ఇంకా చెప్పనేలేదే అనిపించింది. లేవబోతూ కళ్లజోడు కోసం జేబులో చెయ్యి పెడితే ఒక కాగితం తగిలింది. విప్పాను. మా ఆవిడ గుండ్రటి అక్షరాలు: ‘చెప్పేసేరు. లేవకండి.’

ఎప్పుడు రాసి పెట్టిందా అని తిప్పి చూశాను. కాగితం మడతల దగ్గర చిరిగి, గుడ్డలా మెత్తబడిపోయి ఉంది. ఎన్ని ఆదివారాల నుంచి దాన్ని మొదటిసారి చూస్తున్నట్టే విప్పి చదువుతున్నానో! తలెత్తితే, ఆడవాళ్లలోంచి మా ఆవిడ కళ్లార్పకుండా నన్నే చూస్తోంది.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. లేవలేదు.