గార పళ్ళ కోడలు

మా మర్రిగూడ బావుల నీళ్ళు తాగి పెరిగిన వాళ్ళెవరికీ పళ్ళు తెల్లగా ఉండవు. పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చేటప్పుడే పసుపుపచ్చ చారలు, ఇటుకరంగు మచ్చలతో వస్తాయి. ఊరంతా అంతే కనుక మాకది వింత కాదు. నిజాం రాజ్యం నడిచే రోజుల్లో నాకు పెళ్ళై, కల్వకుర్తి దిక్కున అత్తగారింట్లో అడుగుపెట్టాకే తెలిసింది, నాది పాచినోరని.

మా అత్తకు తన తెల్లటి పళ్ళంటే ఎంత గర్వమో! వాటిని తనే చెక్కి పెట్టుకున్నట్టు ఉండేది. నేను మొదటిసారి నవ్విన పూటే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏం పిల్లా, మీ అమ్మ నీకు యాపపుల్ల ఎట్లుంటదో సూపెట్టలేదా? గా గార పండ్లేంది? గీ నోరు పెట్టుకొని పొయ్యి కాడికొస్తే నేను ముద్ద ముట్ట."

అంతే, వంటింటి గడప దాటనివ్వలేదు. పేడ ఎత్తడం, నీళ్ళు మోయడం నా వంతు. పొయ్యి ముట్టుకోనివ్వని ఇంట్లో కోడలేమిటి, జీతగత్తె ఏమిటి? గార పోతేనే వంటింట్లోకి రావాలట. రోజూ పొద్దున్నే ఎదురుగా కూర్చుని ఉప్పుతో, బొగ్గుతో, చివరికి ఇటుకపొడితో తోమించేది. చిగుళ్ళు చీరుకుపోయి నెత్తురు కారేది గానీ చార మాత్రం కదలలేదు. పులుసు తగిలితే నోరంతా భగ్గుమనేది. ఆ నెత్తురు చూసి కూడా ఆ మహాతల్లి, "జర గట్టిగ రుద్దు, బద్ధకం ఇప్పుడిప్పుడే ఇడుస్తాంది" అనేది. శుభ్రం గురించి ఆమెకున్న తెలివి అంత!

ఆ ఎండాకాలం మా బాపు మర్రిగూడ నుంచి ఒక కోడెను తోలుకొచ్చాడు. మా పుట్టింటి ఆవు ఈనిందే. వయసు చూద్దామని మామ దాని కింది పెదవి మడిచాడు. పశువులకు ముందుపళ్ళు కింది దవడకే ఉంటాయి కదా. చూసి అత్తను కేకేశాడు.

"ఏమే, ఇటు రా. గీ కోడె పండ్లు సూడు."

అత్త వంగి చూసింది. అవే చారలు, అదే ఇటుకరంగు.

మా బాపు తన గార పళ్ళన్నీ కనబడేటట్టు నవ్వాడు. "మా నీళ్ళే గంత, బావా. గొడ్డుకైనా బిడ్డకైనా గంతే."

నాకు ఆగలేదు. "అత్తా, దీనికి గూడ మా అమ్మ యాపపుల్ల ఇయ్యనట్టుంది. ఇటుకపొడి తేవాల్నా?"

వాకిట్లో ఉన్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు.

"మనిషికీ గొడ్డుకూ పోలికనా?" అని అత్త బుసకొట్టింది.

"గొడ్డుకున్న తెలివి నీకు లేకపాయె," అన్నాడు మామ. "పిల్ల నోరంత పుండు జేస్తివి. ఇయ్యాల్టి సంది కోడలే వండుతది. తింటె తిను, లేకుంటె ఉపాసం పండు."

ఆ పూట జొన్నరొట్టెలు కాల్చి, పచ్చిపులుసు చేశాను. అత్త పీట గోడవైపు తిప్పుకుని కూర్చుంది. రొట్టె తుంచి, గార ఎక్కడైనా అంటుకుందేమోనన్నట్టు ఇటూ అటూ తిప్పి చూసింది. ఆకలి ఊరుకుంటుందా! తిన్నది. ఇంకొకటి వెయ్యనా అని అడిగితే, ఆ తెల్లటి పళ్ళు కనబడకుండా మూతి బిగించి, పళ్ళెం నా వైపు జరిపింది.