డ్రోన్ మస్తాన్ కేసులో నేను చెరిపించిన వీడియో

2025 వేసవి. సరిహద్దులో కాల్పులు జరుగుతున్న రోజులు. నరసరావుపేట కోర్టులో నాకు అప్పటికి పదిహేనేళ్ల ప్రాక్టీసు. కొట్టు వ్యాపారం మీద బతికిన కుటుంబంలో పుట్టినవాణ్ణి కాబట్టి లా పాయింట్ల కంటే బేరం బాగా వచ్చు. కేసులు గెలుస్తాడని కాదు, రాజీ కుదురుస్తాడనే నాకు పేరు.

చేలకు మందు కొట్టే డ్రోన్లు బాగుచేసే మస్తాన్ ఒక ఉదయం ఫోన్ పట్టుకుని వచ్చాడు. నిరుడు దాచేపల్లి దగ్గర చేలో అతను డ్రోన్ ఎగరేసిన వీడియో అది. దానికి ఎవరో కంప్యూటర్‌లో అచ్చం అతని గొంతే పుట్టించి తగిలించారు: "మందుగుండు ఫ్యాక్టరీ ఫొటోలు సరిహద్దు అవతలికి పంపించా."

"నేనా మాట అన్లేదు సార్. గొంతు మాత్రం నాదే! మా ఆవిడే ఉలిక్కిపడింది. రిపేరుకిచ్చిన డ్రోన్లు రైతులు వెనక్కి పట్టుకుపోతన్నారు."

దాన్ని రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది ఎరువుల కొట్టు సుబ్బారావు. మా నాన్న కొట్టుకు పక్క కొట్టే. వెళ్లి కూర్చున్నాను.

"ఏంది బాబాయ్, మస్తాన్‌ని గూఢచారిని చేశావ్?"

"నాకేం తెలుసురా! ఎవడిదో నంబర్ నుంచి వచ్చింది. దేశం కోసం గదా అని గ్రూపులో తోశా."

"దేశం సంగతి తర్వాత. తీసేసి, సారీ పెట్టు. కేసు లేకుండా నేను చూసుకుంటా."

"పెడతా గానీ, నా పేరు ఇంకెక్కడా రాగూడదు."

అదే బేరం. గ్రూపులో వీడియోను, అతని ఫోన్‌లో ఆ నంబర్ చాట్‌ను నా కళ్లముందే చెరిపించాను. మస్తాన్ ఫోన్‌లోనూ తీయించాను: "ఇంకెందుకయ్యా ఆ దరిద్రం?" అరగంటలో రాజీ. కాలరెగరేసుకుని టీ తాగాను.

వారం తిరక్కుండా అదే వీడియో ముక్కూ మొహం లేని ఖాతాల నుంచి జిల్లా అంతా తిరిగింది. ఈసారి కంప్లైంట్ ఇచ్చాం. ఎస్ఐ అడిగాడు: "మొదట వచ్చిన ఫైలేది? పంపిన నంబరేది? హాష్ వాల్యూ తీశారా లాయర్ గారూ?" హాష్ వాల్యూ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది; తర్వాత ఎవరూ దాన్ని మార్చలేదని కోర్టుకు చూపేది. సాక్ష్యాన్ని చెరిపించిందే నేను. సుబ్బారావు భయంతో ఫోన్ కూడా రీసెట్ చేసేశాడు.

తర్వాత మా బార్ అసోసియేషన్‌లో హైబ్రిడ్ వార్‌ఫేర్ మీద లాయర్లకు క్లాసు పెట్టారు. తుపాకీతో పాటు పుకారునూ పేల్చి, మనలో మనకే పడకుండా చేసే యుద్ధమన్నమాట. "ముందు భద్రపరచండి, ఆ తర్వాతే తీయించండి" అన్నారు. ఆ ఒక్క ముక్క రాసుకోవడానికి నా చెయ్యి సిగ్గుపడింది.

మస్తాన్ షెడ్డు మూసి చిలకలూరిపేటలో మిల్లు పనికి చేరాడు. మొన్న బస్టాండులో కనిపించి, "మీరు మంచికే చేశారు లెండి సార్" అన్నాడు. తిట్టినా బాగుండేది.

బేరమాడాలంటే అవతలివాడు ఎదురుగా కూర్చోవాలి. ఆ రోజు నా ఎదురుగా కూర్చున్నది సుబ్బారావు ఒక్కడే. ఆ గొంతు తయారుచేసినవాడు ఎవడో నాకిప్పటికీ తెలియదు. వాడి దాకా వెళ్లే ఒక్క దారినీ నేనే మూయించాను.