దిగుడుబావికి సున్నం మేస్త్రి

మా శ్రీకాకుళం పల్లెలో పాత దిగుడుబావి గోడలకు పూసిన సిమెంటు రెండుసార్లు ఊడిపోయింది. పెద్దలు బావిని పూడ్చేద్దామన్నారు. నేను పాతకాలపు గోడలకు వాడే డంగుసున్నం పని తెలిసినవాళ్లను వెతుక్కుంటూ హైదరాబాదు పాతబస్తీకి, మొఘల్‌పురాలోని యాదగిరి మేస్త్రి ఇంటికి వెళ్లాను.

ఫోనులో ఫొటోలు చూసి ఆయన, "నీళ్లున్నయా బిడ్డా?" అని అడిగాడు.

"నిండా ఉన్నాయి."

"ఇంక ఫికరెందుకు? నేనొస్త. గని మీ ఊరోళ్లు నా పక్కన నిలబడి పని నేర్సుకోవాలె. మళ్ల గోడ పగిలితే ఎవరు జేస్తరు?"

మా వైపు మేస్త్రీలు పనిలో కిటుకు కొడుక్కి తప్ప చెప్పరు. నేను ఆశ్చర్యంగా చూస్తుండగానే ఆయన భార్యను పిలిచి సంచి సర్దమన్నాడు.

ఆ వేసవిలోనే బావి బాగుపడింది. ఆయన దగ్గర నేర్చుకున్న మా అమ్మ ఇప్పుడు పక్క ఊరి బావి పనికి తాపీ పట్టుకుని వెళ్తోంది.